పేజ్ తాగే పిల్లలు

బస్తర్‌లో ఏ పల్లెకు వెళ్లినా పొద్దున పొయ్యి మీద ఉండేది పేజ్. హల్బీ మాట్లాడేవాళ్ల మాట అది. ఇంద్రావతి గోదావరిలో కలిసే భోపాలపట్నం వైపు, శబరి ఒడ్డున కోంట వైపు తెలుగువాళ్ల ఇళ్లలో అదే జావ. దాన్ని కాచేది మండియాతో, అంటే రాగులతో. ఆ పిండిని రాత్రే నీళ్లలో నానబెడతారు. తెల్లారేసరికి కాస్త పులుస్తుంది. ఎసట్లో గుప్పెడు నూకలు పోసి, అవి పలుకు విడిచాక పులిసిన పిండిని జారవిడిచి, అడుగంటకుండా తెడ్డుతో కలుపుతూ ఉడికిస్తారు. అడవికి పోయేవాళ్లు దాన్ని సొరకాయ బుర్రలో పోసి భుజాన వేసుకుంటారు. ఎండ ఎంత కాసినా బుర్రలో జావ చల్లగానే ఉంటుంది. ఆకు దొప్పలో వంచుకుని తాగుతారు. నంజుకోవడానికి చింతపండు పచ్చడో, ఎర్రచీమల చాప్డానో ఉంటుంది. దాహానికీ ఆకలికీ అదే మందు. ఇంట్లో ఏడాది బిడ్డ ఉంటే ఆ బిడ్డకూ అదే.

ఇది పిల్లలకు మంచి తిండేనా? తల్లులు, డాక్టర్లు, ప్రభుత్వాలు, చిరుధాన్యాల ప్రచారకులు తలా ఒక జవాబు చెబుతున్నారు. మన ఊళ్లలో చద్దన్నం, పప్పన్నం, పెరుగన్నం గురించి సాగే వాదన కూడా ఇదే. కానీ బస్తర్‌లో దీనికి బరువెక్కువ. నెయ్యి వేసిన పప్పన్నం తిన్న పట్నం బిడ్డ సాయంత్రం పాలు తాగుతాడు, పండు తింటాడు, రాత్రికి గుడ్డు తింటాడు. బస్తర్ బిడ్డకు చాలా రోజులు జావ తర్వాత వచ్చేది మళ్లీ జావే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఛత్తీస్‌గఢ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 34.6 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 31.3 శాతం మందికి వయసుకు తగ్గ బరువు లేదు. ఎత్తుకు తగ్గ బరువు లేక చిక్కిపోయినవాళ్లు 18.9 శాతం. నాలుగేళ్ల ముందు సర్వేతో పోలిస్తే మూడూ తగ్గాయి. రక్తహీనత మాత్రం 41.6 శాతం నుంచి 67.2 శాతానికి ఎగబాకింది. రాష్ట్రం మొత్తం సగటు ఇది. అడవి లోపలి గూడేల్లో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని అనుకోవడానికి కారణమేదీ కనబడదు.

ఈ లెక్కలు చూసి జావను దోషిగా నిలబెట్టడం తేలిక. ఆ పని వైద్యశాస్త్రం ఒకసారి చేసింది కూడా. 1930లలో గోల్డ్‌కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు తల్లిపాలు మానేసి మొక్కజొన్న గంజి మీద బతికే పిల్లల్లో ఒళ్లు ఉబ్బి, చర్మం పొరలు ఊడే జబ్బును గుర్తించారు. క్వాషియార్కర్ అన్న స్థానికుల మాటనే దానికి పేరుగా వాడారు. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు ప్రపంచమంతా ప్రొటీన్ జపం చేసింది. గంజి తాగే పిల్లలకు ప్రొటీన్ తక్కువ, పొడులు కలిపి పెట్టండి అన్నదే అప్పటి సలహా. దీన్ని నిలదీసినవాళ్లలో ముఖ్యుడు మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు సారథ్యం వహించిన సి. గోపాలన్. మన పేద పిల్లలు తినే తిండిలో ప్రొటీన్ వాటా మరీ తక్కువేమీ కాదు, అసలు తినేదే చాలడం లేదు, ఉన్న తిండినే కడుపు నిండా పెట్టగలిగితే ప్రొటీన్ లోటు చాలావరకు దానంతటదే తీరుతుందని ఆయన బృందం చూపించింది. 1974లో పోషకాహార శాస్త్రవేత్త డొనాల్డ్ మెక్లారెన్ కూడా ప్రొటీన్ మోజును ఘోరమైన తప్పుగా ఎండగడుతూ లాన్సెట్ వైద్యపత్రికలో వ్యాసం రాశారు. గోపాలన్ సంస్థే వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20 గ్రాములు కలిపి హైదరాబాద్ మిక్స్ తయారుచేసింది. అందులో 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటాయి. ఏ పల్లె దుకాణంలోనైనా దొరికే సరుకులతో అయ్యే పని అది.

గోపాలన్ మాటను జావ గిన్నెకు పట్టించి చూస్తే అసలు లోపం బయటపడుతుంది. ఏడాది బిడ్డ కడుపు చాలా చిన్నది. కిలో బరువుకు 30 గ్రాముల లెక్కన చూస్తే, ఎనిమిది కిలోల బిడ్డకు ఒక విడతలో పట్టేది పావు లీటరు కంటే తక్కువే. నూరు గ్రాముల నీళ్లకు పది గ్రాముల పిండి పడితే ఆ జావలో 35 కేలరీలు కూడా రావు. తల్లిపాలలో అంతే పరిమాణానికి 65 నుంచి 70 కేలరీలుంటాయి. అంటే పలుచటి జావ తల్లిపాలలో సగం బలం కూడా లేనిది. తల్లిపాలు తాగుతూనే ఉన్న ఏడాది, రెండేళ్ల మధ్య బిడ్డకు బయటి తిండి నుంచి రోజుకు 550 కేలరీల దాకా రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పలుచటి జావతో అంత రావాలంటే బిడ్డ ఏడెనిమిదిసార్లు గొంతుదాకా తాగాలి. ఏ బిడ్డా తాగదు. కడుపు నిండినట్టుంటుంది, ఏడుపు ఆగుతుంది, పాల మీద ధ్యాస తగ్గుతుంది. బిడ్డ నిమ్మళంగా నిద్రపోతుంది గనుక తల్లికి అనుమానం రాదు. ఈ తిండితో వచ్చే ప్రమాదం ఇలా కనబడకుండా వస్తుంది.

అంగన్‌వాడీల్లో దీనికొక చిన్న పరీక్ష నేర్పుతారు. గరిటెతో తీసి వంచితే జావ బొటబొటా కారిపోకూడదు, గరిటెను అంటిపెట్టుకుని నిదానంగా జారాలి. చిక్కగా కాస్తే మరి బిడ్డ మింగలేదు కదా అంటారు. దానికీ ఉపాయముంది. 1980లలో బరోడాలో తారా గోపాల్‌దాస్ బృందం, మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన గింజల పిండి ఒక్క చెంచా కలిపితే చిక్కటి జావ కూడా పలుచబడుతుందని చూపింది. మొలకలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండి పదార్థాన్ని విడగొడుతుంది. నీళ్లు పెంచకుండానే జావ జారుడుగా మారుతుంది, బలం మాత్రం తగ్గదు. రాయలసీమలో, కర్ణాటకలో రాగులు మొలకెత్తించి మాల్ట్ కొట్టించుకునే ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు. బస్తర్‌లో రాగులు, నీళ్లు, ఎండ, విసుర్రాయి అన్నీ ఉన్నాయి. పైగా చెంచా నూనె వేస్తే మరో 45 కేలరీలు. ఇంత చవకైన మార్పును నలభై ఏళ్లుగా ఇంటింటికీ చేర్చలేకపోవడం ఈ సమీక్షలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం.

ఇక గింజ సంగతి. జావ పేరు మారలేదు, గిన్నె మారలేదు, కానీ లోపలిది చాలా ఇళ్లలో మారిపోయింది. పోడు చేలల్లో మండియా, కోస్రా, అరికెలు లాంటి చిరుధాన్యాలు పండించుకునే ఇళ్లకు రేషన్ బియ్యం వచ్చింది. ఛత్తీస్‌గఢ్ రేషన్ వ్యవస్థను దేశమంతా మెచ్చుకుంది, మెచ్చుకోదగ్గదే. 2012 డిసెంబరులో ఆ రాష్ట్రం చేసిన ఆహార భద్రత చట్టం కేంద్ర చట్టం కంటే ముందే వచ్చింది. నెలకు 35 కిలోల బియ్యం ఇల్లు చేరడమంటే వానాకాలపు ఆకలిని ఎరిగినవాళ్లకు అదెంత ధీమానో చెప్పనక్కర్లేదు. బియ్యాన్ని తప్పుపట్టే తీరిక కడుపు నిండినవాళ్లకే ఉంటుంది. అయినా పోషకాల తేడా తేడానే. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, 4.6 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. పాలిష్ బియ్యంలో కాల్షియం ఎనిమిది మిల్లీగ్రాముల లోపే, ఇనుము 0.65. ఏడాది నుంచి మూడేళ్ల లోపు బిడ్డకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలు తాగే అలవాటు పెద్దగా లేని బస్తర్ ఇళ్లలో పిల్లల ఎముకలకు రాగులే పాడి. ఆ గింజ పోయి బియ్యపు గంజి మిగిలితే బిడ్డ పోగొట్టుకునేది ఇదీ.

రాగుల భక్తులు ఇంకో వైపు చూడరు. ప్రొటీన్‌లో రాగులు బియ్యం కంటే గొప్పవేమీ కావు, నూరు గ్రాములకు రెండింటిలోనూ ఏడెనిమిది గ్రాములే. రాగుల్లో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. ఫైటేట్లు, టానిన్లు దాన్ని పట్టి ఉంచుతాయి. నానబెట్టి పులియబెట్టడం, మొలకెత్తించడం వల్ల ఆ పట్టు సడలుతుంది. అందుకే రాత్రంతా నానే మండియా పేజ్‌లో ఉన్న తెలివి, డబ్బాలోంచి తీసి వేడినీళ్లలో కలిపే పిండిలో లేదు. కర్ణాటకలో బడిపిల్లలకు మధ్యాహ్నం చిరుధాన్యాల భోజనం పెట్టి ఇక్రిశాట్ పరిశోధన సంస్థ చేసిన అధ్యయనంలో వాళ్ల ఎదుగుదల మెరుగైంది. కానీ అది మూడు నెలల ప్రయోగం. అక్కడ పిల్లలు తిన్నది ఇడ్లీ, కిచిడీ, బిసిబేళెబాత్ లాంటి పూర్తి వంటకాలు, పలుచటి జావ కాదు. 2023 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లో రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి పనే. అయితే గ్లాసుకు పది గ్రాముల పిండి పడితే అందులో వచ్చే కాల్షియం 36 మిల్లీగ్రాములే. గ్లాసు ఇచ్చామా లేదా అని లెక్కరాస్తే చాలదు, గ్లాసులో ఎంత పిండి పడిందో కూడా చూడాలి.

చద్దన్నం మీద ఇప్పుడు మోజు ఎక్కువ. ఛత్తీస్‌గఢ్‌లో దాన్ని బోరే బాసీ అంటారు. 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ అందరూ బాసీ తినాలని పిలుపిచ్చారు. కూలి జనం తిండికి గౌరవం దక్కినందుకు సంతోషించాలి. కానీ దాంతోపాటు ఒక అంకె తెలుగు నాట కూడా సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. నూరు గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాములున్న ఇనుము రాత్రంతా నానితే 73.91 మిల్లీగ్రాములవుతుందట. ఇనుము ఒక మూలకం. కుండలో ఎంతసేపు పులిసినా పుట్టదు. ఉన్న ఇనుము మునుపటికంటే బాగా ఒంటపట్టవచ్చు, అంతవరకే నమ్మాలి. అన్నంలో ఉన్నదే కొంచెం, దాన్ని ఎంత బాగా పీల్చుకున్నా కొంచెమే. ఈ అంకెను నమ్మి తల్లి తన బిడ్డకు ఇనుము అందుతోందని ధైర్యంగా ఉంటే నష్టపోయేది బిడ్డే. చద్దన్నంలో నిజంగా మంచిది వేరే ఉంది. పులియబెట్టే లాక్టిక్ ఆమ్ల సూక్ష్మజీవులు పేగుకు మేలు చేస్తాయి, ఎండకు నీరసించిన ఒంటికి తరవాణి నీళ్లు హాయినిస్తాయి. ఆడిపాడే ఆరేళ్ల పిల్లకు పొద్దున చద్దన్నం, ఉల్లిపాయ, కాస్త పెరుగో పప్పో కలిస్తే దానికి వంక పెట్టలేం. ఆరునెలల పసిబిడ్డకు మాత్రం రాత్రంతా నిలవున్న నీళ్లు పట్టకూడదు, బోరు నీళ్లనూ వాగు నీళ్లనూ నమ్మలేని చోట అసలే వద్దు.

పాలగుండ మాట రెండు ముక్కల్లో ముగించవచ్చు. బస్తర్ అడవుల్లో తిఖుర్ దుంప నుంచి తీసే ఆ తెల్లటి పొడి విరేచనాలైన బిడ్డకు పెట్టేందుకు మన ఇళ్లలోనూ పేరున్నదే. తేలిగ్గా అరుగుతుంది. కానీ అది దాదాపు ఉత్త పిండి పదార్థం. జబ్బు తగ్గిన మర్నాడే దాన్ని ఆపి గట్టి తిండికి రావాలి.

జావ పక్కన ఏముంటుందన్నది నా లెక్కలో గింజ కంటే ముఖ్యం. బస్తర్ భోజనం ఎప్పుడూ ఒంటి జావ కాదు. వానలు పడగానే అడవి నిండా ఆకుకూరలు, పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు వస్తాయి. చేలల్లో ఉలవలు, మినుములు పండుతాయి. వాగు చేపలు, ఎండు చేపలు, కోళ్లు, చాప్డా ఉంటాయి. ఇప్ప గింజల నూనె, వెర్రినువ్వుల నూనె ఉంటాయి. పెద్దవాళ్లు జావతో పాటు వీటిని నంజుకుంటారు. కారమని, పులుపని, ముల్లు గుచ్చుకుంటుందని పసిబిడ్డకు పక్కవి తీసేసి జావ మాత్రం పోస్తారు. మన ఊళ్లలోనూ ఇంతే, చారన్నం మెదిపి పెట్టి కూర రేపు పెడదాంలే అంటాం. ఇంట్లో అందరి కంటే బలమైన తిండి అవసరమైన బిడ్డకు ఇంట్లో అందరి కంటే బలహీనమైన తిండి దక్కుతుంది. రెండేళ్లలోపు బిడ్డ రోజూ ఎనిమిది రకాల ఆహార వర్గాల్లో కనీసం అయిదు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధన. తల్లిపాలు ఒకటి, గింజ ఒకటి. ఇంకో మూడు కావాలి. కారం వేయకముందే తీసిన చారెడు పప్పు, మెదిపిన తోటకూర, ఒక గుడ్డు. అంతే, అయిదూ పూర్తయ్యాయి. తోటకూరలో రాగులకు దీటుగా కాల్షియం ఉంటుంది, మునగాకు కూడా అంతే. ఏదీ జగదల్‌పూర్ బజారుకు వెళ్లి తేవలసినది కాదు.

2012 చట్టం గిరిజన ప్రాంతాల ఇళ్లకు బియ్యంతో పాటు కిలో అయిదు రూపాయలకు నెలకు రెండు కిలోల శనగలు ఇచ్చింది. ఆ చట్టంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. ఆ శనగలు వేయించి పొడి చేసి జావలో కలిపితే హైదరాబాద్ మిక్స్‌కు సగం దారి వచ్చేసినట్టే. 2020 జనవరిలో బస్తర్ డివిజన్ ఇళ్లకు రక్తహీనత తగ్గించేందుకని నెలకు రెండు కిలోల బెల్లం కూడా చౌకగా ఇవ్వడం మొదలుపెట్టారు. బెల్లం రుచినిస్తుంది, శక్తినిస్తుంది. రక్తహీనతకు మందుగా దాన్ని నమ్ముకోవడం సరికాదు, ఇనుము కోసం బిడ్డకు అంత బెల్లం తినిపించనూ కూడదు.

రక్తహీనతను తిండి ఒక్కదానికే ముడిపెట్టడమూ తప్పే. బస్తర్‌లో మలేరియా పిల్లల నెత్తురు తాగేస్తుంది. 2020లో ఇంటింటికీ తిరిగి జ్వరం లేనివాళ్లకూ రక్తపరీక్ష చేసే మలేరియా విముక్త బస్తర్ ఉద్యమం మొదలైంది ఇందుకే. నులిపురుగులున్నాయి. సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉంది. ఈ మధ్య రేషన్‌లో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన బియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు. 2018 నాటి ఆహార ప్రమాణాల నిబంధనలు ఇనుము కలిపిన సరుకుల సంచి మీద సికిల్ సెల్ ఉన్నవాళ్లకు హెచ్చరిక ఉండాలన్నాయి. ఎవరికి ఆ జబ్బు ఉందో పరీక్షలే జరగని గూడేల్లో ఆ హెచ్చరికను ఎవరు చదివి ఎవరికి చెప్పేవారు? బలవర్ధక బియ్యం వచ్చాయి కదా అని ఆకుకూరనూ పప్పునూ మరిచిపోతే అసలుకే మోసం.

గుడ్డు మీద 2019లో ఛత్తీస్‌గఢ్‌లో పెద్ద రగడే జరిగింది. బడి భోజనంలో గుడ్డు పెడతామని ప్రభుత్వం అంటే శాకాహారం పాటించే కబీర్‌పంథీలు అభ్యంతరం చెప్పారు. తినని పిల్లలకు వేరే తిండి ఇవ్వడం, కావాలంటే గుడ్లు ఇంటికి పంపడం అన్న మధ్యే మార్గానికి వచ్చారు. తినని ఇంటి నమ్మకాన్ని గౌరవించాల్సిందే. చీమలూ చేపలూ కోళ్లూ తరతరాలుగా తినే బస్తర్ గోండు బిడ్డ కంచంలోంచి గుడ్డు తీసేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఒక్క గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మూడేళ్లలోపు బిడ్డకు రోజంతటికీ కావలసిన దాంట్లో అది దాదాపు సగం.

ఇప్పుడు సంతల్లో కొత్త పోటీ వచ్చింది. అయిదు రూపాయల చిప్స్ పొట్లాలు, బిస్కట్లు, నూడుల్స్. పసిబిడ్డ ఏడిస్తే చేతిలో పెట్టేది అదే అవుతోంది. మెత్తగా, ఉప్పగా, తియ్యగా ఉండి నోటికి హాయినిచ్చే తిండి అంటే జావ, కిచిడీ అనుకునే రోజులు అడవిలో కూడా పోతున్నాయి. జావలో ఎన్ని లోపాలున్నా సరిదిద్దడానికి వీలున్న తిండి అది. పప్పు కలపొచ్చు, ఆకు కలపొచ్చు, చిక్కగా కాయొచ్చు. పొట్లంలో దేన్నీ కలపలేం.

ఇన్ని చదివాక నా మాట ఇది. జావ, చద్దన్నం, పప్పన్నం పిల్లలకు మంచి తిండే, ఒంటరిగా కాదు, నీళ్లుగా కాదు. ప్రాథమిక బడికి పోయే పిల్లకు మధ్యాహ్న భోజనంలో నిబంధన ప్రకారం రోజుకు నూరు గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అందుతాయి గనుక ఇంట్లో పొద్దున జావ తాగినా నడిచిపోతుంది. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు బిడ్డల సంగతే ఎటూ కాకుండా ఉంది. వాళ్లకు వండి పెట్టే చోటు లేదు, పొట్లం ఇంటికి ఇస్తారు. ఆ పొట్లం ఇంటిల్లిపాదికీ పోతుంది. బస్తర్‌లోని ఊళ్లు వదిలి తెలంగాణలోని భద్రాద్రి, ములుగు అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల గూడేల్లో ఆ పొట్లం అందడమే గొప్ప.

ఇంకా మౌలికమైన చిక్కొకటుంది. మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి, ఎండలు ముదిరాక తునికాకు కోయడానికి తల్లి అడవికి పోతుంది. ఏడాది డబ్బు ఆ వారాల్లోనే రావాలి. అప్పుడు బిడ్డకు అన్నం పెట్టేది ఏడెనిమిదేళ్ల అక్క. కుండలో ఉన్నది పోస్తుంది, అది అయిపోయేదాకా నీళ్లు కలిపి పోస్తుంది. పప్పు మెదపమని, ఆకు ఉడికించమని ఆ పిల్లకు చెప్పడం అన్యాయం. బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ డాక్టర్లు దీన్ని పసిగట్టి అడవి పల్లెల్లో ఫుల్వారీలు నడిపారు. ఊరి తల్లుల్లోనే ఒకరు మూడేళ్లలోపు పిల్లలను పగలంతా చూసుకుంటూ, సత్తుపిండి, నూనె వేసిన కిచిడీ వేళకు తినిపిస్తారు. తర్వాత ప్రభుత్వమూ సర్గుజా వైపు ఆ నమూనాను అందుకుంది. 2022 నుంచి కేంద్రం పాల్నా పేరుతో అంగన్‌వాడీలకు శిశుసంరక్షణ కేంద్రాలను జతచేస్తోంది. బస్తర్‌లో వాటిని ముందుగా తెరవాల్సింది జిల్లా కేంద్రాల్లో కాదు, తునికాకు కల్లాలున్న ఊళ్లలో. తెరిచే వేళ పది గంటలు కాదు, తల్లులు బుర్ర భుజాన వేసుకుని అడవికి బయలుదేరే వేళ.